వాగు ఒడ్డు కర్బలా

సిరిసిల్లలో మా ఇంటి వెనక సందులో ఒక జిరాక్స్ షాపు ఉంది. దాని గోడ మీద ‘ఇచ్చట అన్ని రకముల ప్రాజెక్టులు చేయబడును’ అని రాసి ఉంటుంది. మా దిక్కు ప్రాజెక్టు అంటే కాలువలు, తూములు, మునిగిపోయే ఊళ్లు. అంత పెద్ద పని ఈ చిన్న షాపులో ఎలా చేస్తారా అని మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. అవి డిగ్రీ పిల్లలు కాలేజీలో ఇచ్చే స్టడీ ప్రాజెక్టులని తర్వాత తెలిసింది. షాపు కంప్యూటర్‌లో అన్నీ సిద్ధంగా ఉంటాయి. పేరు మార్చి, అట్ట వేసి, స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతారు.

పత్రిక పని నుంచి బయటికి వచ్చాక వాటిని చదవడమే నాకు పనైంది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల. నా విలేకరి జీవితమంతా ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో గడిచింది. అందుకని ఇక్కడి లెక్చరర్లకు నేను తెలుసు. మనుషులను ఎలా ప్రశ్నించాలో, వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఎలా రాయాలో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలుస్తుంటారు. ఆ ఏడు చరిత్ర విద్యార్థులకు ఇచ్చిన అంశం ‘ప్రపంచ మతాలు, చారిత్రక సంఘటనలు’. ఒక మతం, దాని చరిత్రలో ఒక సంఘటన తీసుకోవాలి. దాన్ని తమ చుట్టుపక్కల బతుకుతో ముడిపెట్టి రాయాలి. ఎవరినైనా కలిసి మాట్లాడాలి.

సిరిసిల్లలో గంభీరావుపేట నుంచి వచ్చే ఒక అబ్బాయి బౌద్ధం మీద రాశాడు. కృతజ్ఞతల పేజీలో గుంటూరులోని ఏదో కాలేజీ ప్రిన్సిపాల్‌కు నమస్కారాలు ఉన్నాయి.

"నువ్వెప్పుడు పోయినవ్ గుంటూరుకు?" అని అడిగాను.

"నేను పోలే సార్. ప్రాజెక్టు పోయచ్చింది," అన్నాడు.

ముస్తాబాద్ అమ్మాయి యూదు మతం తీసుకుంది. ఎవరిని కలిసి మాట్లాడావంటే, "ముస్తాబాద్‌ల యూదులు ఏడుంటరు సార్? యూట్యూబ్‌ల ఒకాయన దొరికిండు. ఆయన మాట్లాడిండు, నేను ఇన్న," అంది. నిజమే చెప్పింది కాబట్టి అదే రాయమన్నాను.

కోరుట్లలో చరిత్ర చెప్పే మేడం వీటిని ఊరికే పోనిచ్చే మనిషి కాదు. ప్రతి ప్రాజెక్టు మొదటి పేజీని ఆమే తరగతిలో పైకి చదువుతుంది. ఎక్కడ దొంగతనం చేశారో అక్కడ ఆగుతుంది. నేను వెళ్లిన రోజు ఒక ప్రతి చేతిలోకి తీసుకుని, చదవకముందే నా వైపు చూసింది. అది చేతిరాత. అందులో మొదటి వాక్యాలు ఇవి: ‘కర్బలా మా ఊరి వాగు ఒడ్డున, బ్రిడ్జికి ఇవతల ఉన్నది. అక్కడ హసన్, హుసేన్ అనే అన్నదమ్ములకు నీళ్లు దొరకకుండా చేసి చంపినారు. అందుకని మా ఊరివాళ్లు ఏటా వాళ్లను ఆ నీళ్ల దగ్గరికి తీసుకుపోతారు.’

తరగతి గొల్లుమంది. వెనక బెంచీ నుంచి ఒకడు, "ఇరాక్‌కెల్లి వాళ్లు బస్సెక్కి అచ్చిండ్రేమో మేడం!" అన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. "ఫ్రీ బస్సు ఆడోళ్లకేరా. వాళ్లు టికెట్ తీస్కునే అచ్చి ఉంటరు."

రాసిన అమ్మాయి మూడో వరుసలో ఉంది. తల దించుకోలేదు. వెనక్కి తిరిగి, "మీరు నవ్వుండ్రి. మా ఊరికచ్చి కర్బలా ఏడున్నదని సంటిపోరగాన్ని అడిగినా చూపిస్తడు," అంది.

నాకు నవ్వు రాలేదు. ఇరాక్‌లోని కర్బలాలో నీళ్లు అందకుండా చేసి చంపిన ప్రవక్త మనవడు హుసేన్‌ను తలుచుకునే మొహర్రంను మా పల్లెల్లో పీరీల పండుగ అంటారు. అన్ని కులాలవాళ్లూ చేస్తారు. కొన్ని ఊళ్లలో ముస్లింల ఇల్లు ఒక్కటి కూడా ఉండదు, పండుగ మాత్రం ఉంటుంది. పీరీ అంటే పొడవాటి కర్రకు పైన ఇత్తడి పంజా, దానికి మొక్కుకున్నవాళ్లు కట్టిన రంగురంగుల బట్టలు. ఆ రోజుల్లో గుండం తవ్వి నిప్పు చేస్తారు, దాని చుట్టూ ఆడతారు, ఏడుస్తారు. చివరి రోజు పీరీలను నీళ్ల ఒడ్డుకు తీసుకుపోయి, బట్టలు విప్పి కడిగి, తెల్లబట్టలో చుట్టి మాటలేకుండా తిరిగి తెస్తారు. ఆ నీళ్ల ఒడ్డు పేరు కర్బలా. చెరువు మత్తడి కావచ్చు, వాగు కావచ్చు, వ్యవసాయ బావి కావచ్చు, ఏ ఊరి కర్బలా ఆ ఊరికి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగిన పిల్లకు, అదే పేరుతో ఎక్కడో ఒక పట్నం ఉందని ఎవరు చెప్పాలి? ఆమె పుస్తకంలో యుద్ధం గురించి చదివింది. యుద్ధం జరిగిన చోటు మాత్రం తనకు ముందే తెలుసనుకుంది.

తరగతి అయ్యాక ఆమె వరండాలో నా కోసం ఆగింది. "సార్, మీరు పేపరోళ్లు గదా. ఓసారి మా బాపుతోని మాట్లాడుతరా? మా కర్బలాకు తీగలేసిండ్రు."

ఆ ఊరికి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ దాటి ఇంకా లోపలికి వెళ్లాలి. ఆటో దిగేసరికి తండ్రి రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. కల్లు గీసే మనిషి. ఊళ్లో ఉన్న ముస్లిం కుటుంబాలు ఒకటొకటిగా కోరుట్లకు వెళ్లిపోతూ పీరీల కొట్టం తాళం ఆయన తండ్రి చేతిలో పెట్టారు. ఇప్పుడు అది ఈయన దగ్గర ఉంది. పెద్ద పీరీని ఎత్తుకునేదీ ఆయనే.

నన్ను ఇంటికి తీసుకుపోలేదు. నేరుగా వాగు దగ్గరికి నడిపించాడు. కొత్త సిమెంటు కడీలు, ముళ్లతీగ, ఇనుప గేటు, తాళం. తీగకు అవతల ఇసుక వాలు, కింద సన్నగా నీళ్లు. అది ఎప్పుడూ పట్టా భూమే. పాత పట్టాదారు ఏనాడూ అడ్డు చెప్పలేదు. జగిత్యాలలో వ్యాపారం చేసే ఒకాయన దాన్ని కొని, పాసుబుక్కు చేయించుకుని, ఫంక్షన్ హాలు కట్టాలనుకుంటున్నాడు.

"మాకు భూమి అద్దు సార్," అన్నాడు తండ్రి. "ఏడాదికి ఒక్క పూట తొవ్వ ఇయ్యమంటున్నం. పీరి పోను, పీరి రాను. గంతే."

"బ్రిడ్జి కింద కూడా ఇదే వాగు కదా. అక్కడికి పోరాదా?"

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "మీది సిరిసిల్లనట గదా సార్. నీళ్లు మంచిగున్నయని రేపు దాన్ని కామారెడ్డి కాడ పెడుదమా?"

బ్రిడ్జి కింద చికెన్ షాపుల చెత్త పడేస్తారని అమ్మాయి నెమ్మదిగా చెప్పింది.

వాళ్లు అప్పటికే మండల ఆఫీసు చుట్టూ తిరిగారు. అక్కడి అధికారి ఒకటే అడిగాడట, అది కర్బలా అని ఎక్కడైనా రాసి ఉందా అని. ఎక్కడా లేదు. పహాణీలో పట్టా అని ఉంది, నక్షాలో వాగు అని ఉంది. పీరీ నడిచే దారిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

"గందుకే నా బిడ్డ రాస్తాంది," అన్నాడు తండ్రి. ఆ మాట అన్నప్పుడు ముఖం విప్పారింది. "కాలేజిల రాస్తాంది. సార్లు ముద్రేసి ఇస్తరట. గప్పుడు ఏమంటడో చూద్దాం."

పిల్లలు చేసే ప్రాజెక్టును ఆఫీసుల్లో సాక్ష్యంగా తీసుకోరని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయనకు కోపం వచ్చింది.

"మరి ఎవలు రాస్తె తీస్కుంటరు సార్? రాసేటోళ్లు మా ఇంట్ల ఇదివరకు ఎవలున్నరు? ఇప్పుడొకతి అయింది. ఆమెతోని రాయిస్తున్న."

అమ్మాయి చెప్పు కొనతో మట్టి గీస్తూ నిలబడింది. మార్కుల కోసం మొదలుపెట్టిన పని మీద ఇంత బరువు పడుతుందని ఆమె అనుకున్నట్టు లేదు.

తర్వాతి నెలల్లో ఆమె చేసిన పని నేను చూశాను. ఊళ్లో ముసలివాళ్లందరినీ అడిగింది. గుండం ఎవరు తవ్వుతారు, నిప్పు ఎవరింటి నుంచి వస్తుంది, ఏ కులం వాళ్లు ఏం తెస్తారు, పీరీ ఏ దారిన పోతుంది, ఎక్కడ ఆగుతుంది, అన్నీ రాసుకుంది. కోరుట్లలో బట్టలు కుట్టే ముసలి ముజావర్‌ను కూడా కలిసింది. ఊదు వేసి పీరీలను నిలబెట్టే పెద్దమనిషి ఆయనే. ఊరు విడిచి ఎన్నేళ్లయినా పండుగకు తప్పకుండా వస్తాడు. ఆమె వెంట నేనూ వెళ్లాను. ఇరాక్‌లో కర్బలా ఉందట కదా తాతా అని అమ్మాయి అడిగితే, కుట్టుమిషన్ ఆపి నవ్వాడు.

"ఉండకేం బేటీ. నేను గల్ఫ్‌ల ఉన్నప్పుడు పోదామని మస్తు తిరిగిన. వీసా దొరకలే. మనూరి కర్బలాకు వీసా లేదు గదా అని ఏటా గీడికే అచ్చుకుంటున్న. ఇగ దీనికీ వీసా పెట్టిండ్రు."

మళ్లీ మిషన్ తొక్కుతూ, "మీ బాపుకు చెప్పు, ఈసారి పండుగకు వారం ముందుగాల్నే కల్లు బంద్ పెట్టుమని. పోయినేడు పీరి ఊగిందా, గౌడు ఊగిండా, నాకు సమజ్ కాలే," అన్నాడు. అమ్మాయి నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తింది. ఆమె అలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రాత పూర్తయ్యాక మేడం దగ్గర కూర్చుంది. మేడం చెప్పింది సబబే. మొదటి వాక్యం అలాగే ఉంటే జగిత్యాలలో కూర్చునే పరీక్షకులు రెండో వాక్యం చదవరు. చరిత్రలోని కర్బలా వేరు, ఊళ్లోది వేరు. రెంటినీ విడదీయాలి. చాలాసేపు చర్చించి వాక్యాన్ని తిరగరాశారు. ‘కర్బలా ఇరాక్ దేశంలోని నగరం. మా ఊరి వాగు ఒడ్డున ఉన్నది ప్రతీకాత్మక కర్బలా.’

"ప్రతీకాత్మక అంటే ఏంది మేడం?"

"అది ఇక్కడ లేదు కాబట్టి, దానికి గుర్తుగా ఇది ఉన్నట్టు. సింబాలిక్ అంటం గదా."

అమ్మాయికి ఆ మాట నచ్చింది. నాలుక తిరిగేదాకా రెండు మూడుసార్లు పలికి చూసుకుంది. నాకూ అది మంచి వాక్యమనే అనిపించింది. మా డెస్కులో ఎవరైనా దాన్ని గీత పెట్టకుండా పంపేవారు.

జగిత్యాలలో మౌఖిక పరీక్ష రోజు తండ్రి కూడా వచ్చాడు. బండ్ల స్టాండు దగ్గర నీడలో నిలబడ్డాడు. లోపల పరీక్షకుడు అట్ట తిప్పుతూనే అడిగాడు. "కర్బలా ఎక్కడున్నదమ్మా?"

"ఇరాక్‌లో సార్. మా ఊర్లో ఉన్నది ప్రతీకాత్మక కర్బలా."

ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. మిగతావి పెద్దగా అడగలేదు. అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి. బయటికి రాగానే తండ్రి అడిగింది మార్కుల గురించి కాదు.

"ముద్ర గట్టిగ పడ్డదా బిడ్డా?"

"పడ్డది బాపూ. మూడు పేజీల మీద ఏసిండ్రు."

ఆయన ఆ ప్రతిని ఆకుపచ్చ బట్టలో చుట్టుకుని తీసుకుపోయాడు. పీరీల కొట్టంలో పెట్టి ఊదు వేశాడట. నేను మళ్లీ చూసినప్పుడు స్పైరల్ చుట్ల మధ్య ఊదు బూడిద ఉంది.

ఎండలు ముదిరిన రోజుల్లో మండల ఆఫీసుకు రమ్మని కబురు వచ్చింది. తండ్రీకూతుళ్లు నన్ను కూడా రమ్మని అడిగారు. కూలర్ గదిలో అధికారి, ఎదురుగా స్థలం కొన్నాయన, ఇటు తండ్రీ కూతుళ్లు. అధికారి చెడ్డవాడు కాదు. తండ్రి బట్ట విప్పి ఇచ్చిన ప్రాజెక్టును పక్కన పడేస్తాడనుకున్నాను. పడేయలేదు. అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదవసాగాడు. తండ్రి నా మోచేతిని పట్టుకుని నొక్కాడు, చూశావా అన్నట్టు.

ఒక చోట అధికారి ఆగాడు. వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"ఇదెవరు రాసిండ్రు? నువ్వేనా అమ్మా?"

"నేనే సార్."

"బాగ రాసినవ్," అన్నాడు. తర్వాత స్థలం కొన్నాయనకు వినబడేలా ఆ వాక్యాన్ని పైకి చదివాడు.

ఆయన ఆ పేజీని తన వైపు తిప్పుకుని చూశాడు. ఆలోచించి, "నాకు పీరీల మీద కోపం లేదు సార్," అని మొదలుపెట్టాడు. "మా అవ్వ పీరీకి మొక్కితెనే నేను పుట్టిన. కని ఇయ్యాల తొవ్వ ఇస్తే రేపు గాడ గద్దె కడ్తరు. ఎల్లుండి నేను కోర్టు చుట్టు తిరగాలె. నా భయం నాది. మల్ల ఈ పిల్లనే రాసింది గదా, ఇది గుర్తేనని. గుర్తయితే ఏడనన్న పెట్టుకోవచ్చు గదా సార్?"

"అదే నేను చెప్పేది," అన్నాడు అధికారి, తండ్రి వైపు తిరిగి. "అసలు కర్బలా ఇరాక్‌లో ఉన్నది. మీది ప్రతీకాత్మకం. బ్రిడ్జి దగ్గర చేసుకోండి. చెత్త తీయిస్త. ఇద్దరు కానిస్టేబుళ్లను కూడా పెట్టిస్త. పట్టా భూమిలోకి నేను పంపలేను."

తండ్రికి ఆ మాట అర్థం కాలేదు. కూతురిని అడిగాడు. "ఏమంటాండు బిడ్డా?"

ఆమె తల దించుకుంది. ఆయన నన్ను అడిగాడు.

"గుర్తు అంటున్నారు," అన్నాను.

"గుర్తంటే?"

"అసలుది వేరే చోట ఉందని."

"మనది అసలుది కాదా?"

ఆయన టేబుల్ మీది పుస్తకం వైపు చూశాడు. "కాదని నా బిడ్డ రాసిందా?"

అమ్మాయి ఒక్కసారిగా లేచి ముందుకు వంగి, ఆ పేజీ మీద అరచేయి పెట్టింది. "సార్, గా మాట కొట్టెయ్యుండ్రి. గది మార్కులకోసమని రాసిన. కొట్టెయ్యుండ్రి సార్."

అధికారి ఆమె చేతిని మెల్లగా పక్కకు జరిపాడు. "ముద్ర ఉన్నదమ్మా దీని మీద. మీరే తెచ్చి ఇచ్చిండ్రు."

బయట వేపచెట్టు కింద తండ్రి ఆకుపచ్చ బట్టను మడతపెట్టి భుజం మీద వేసుకున్నాడు. లోపలినుంచి పుస్తకం తీసుకురాలేదు. తిట్టినా బాగుండేది. కూతురి వైపు చూడకుండా ఆటో ఎక్కి, సీటు చివరికి జరిగి ఆమెకు చోటిచ్చాడు. ముత్యంపేట దాకా రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. గేదెలు అడ్డం వచ్చి ఆటో ఆగినప్పుడు, "గింత చదువు చదివి," అని ఏదో అనబోయి, వాక్యం పూర్తి చేయలేదు.

మరునాడే ఆమె కోరుట్ల వెళ్లి మేడం ముందు నిలబడింది. పాత చేతిరాత ప్రతి తీసుకుపోయింది. ఇది తీసుకుని అది రద్దు చేయండి, ఫెయిల్ చేసినా సరే అంది. మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాయి, ఇక ఏమీ మార్చలేం. ఆ సంగతి మేడం నాకు ఫోన్‌లో చెప్పింది. "తప్పు రాస్తే పిల్ల ఫెయిలైతది. ఒప్పు రాయిస్తే గిట్లయింది. నేనేం చెయ్యాలె సార్?" అయినా ఆమె చేతనైంది చేసింది. ప్రతీకాత్మకం అంటే ఎక్కడైనా పెట్టుకోవచ్చని అర్థం కాదనీ, ఊరివాళ్లకు ఆ చోటే అసలు చోటనీ వివరంగా ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. ఆఫీసులో తీసుకుని రసీదు ఇచ్చారు.

నేనూ నాకు తెలిసిన పని చేశాను. పాత స్నేహం మీద జోన్ పేజీకి ఒక వార్త రాసి పంపాను. అందులో ఆ మాట రాకుండా జాగ్రత్తపడి, వాగు ఒడ్డు కర్బలా అనే రాశాను. తెల్లారి పేపరు తెరిస్తే, సింగిల్ కాలమ్ వార్త మీద డెస్కులో ఎవరో శీర్షిక పెట్టారు: ‘ప్రతీకాత్మక కర్బలాకు దారి ఇవ్వాలి’. ఇరాక్‌లో ఉన్నదానికి దారి అడుగుతున్నారని పాఠకుడు పొరబడతాడేమోనని కుర్రవాడు ఆలోచించి ఉంటాడు. అతని స్థానంలో ఉంటే నేనూ ఆలోచించేవాణ్నే.

పండుగ వానలు మొదలయ్యాక వచ్చింది. చివరి రోజు మధ్యాహ్నానికే నేను ఊరికి చేరాను. జల్లు పడి ఆగింది. డప్పులు మోగుతున్నాయి. పిల్లలను పీరీల కిందినుంచి దాటిస్తున్నారు. తండ్రి పండుగ నియమం ప్రకారం గడ్డం పెంచి, కాళ్లకు చెప్పులు లేకుండా, పెద్ద పీరీని నడుముకు ఆనించుకుని నిలబడ్డాడు. నన్ను చూసి కూడా చూడనట్టే ఉన్నాడు. ముజావర్ ఊదు పట్టుకుని ముందు నడిచాడు. వాళ్లిద్దరికీ మామా అల్లుళ్ల వరస.

ఊరు దాటాక దారి చీలుతుంది. నేరుగా పోతే బ్రిడ్జి, ఎడమకు తిరిగితే తీగలు. చీలిక దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు.

"అల్లుడా, బ్రిడ్జి దిక్కు," అన్నాడు ముజావర్.

పెద్ద పీరీ ఎడమకు తిరిగింది. ఎత్తుకున్నవాడు తిరిగాడని మా దిక్కు ఎవరూ అనరు. పీరీ తిరిగిందనే అంటారు. చూస్తుండగానే ఆయన పరుగందుకుని తీగల దగ్గరికి చేరాడు. డప్పులు ఆగిపోయాయి. ఆయన అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. పీరీతో తీగను నెడుతూ ఉన్నాడు. పీరీకి కట్టిన బట్టలు ముళ్లకు తగులుకుని చిరుగుతున్నాయి. అరచేతులు కోసుకుపోయాయి. జనం కొంచెం దూరంలో ఆగిపోయారు. పీరీ పూని సవారీలో ఉన్న మనిషిని ముట్టుకోవడానికి భయం.

కూతురు ఒక్కతే దగ్గరికి వెళ్లింది. "బాపూ, ఎనుకకు జరుగు. చేతులు తెగుతున్నయి బాపూ," అంటూ ముళ్లకు చిక్కిన బట్టలు ఒక్కొక్కటి విడిపించసాగింది. వయసులో చిన్నవాడైన కానిస్టేబుల్ వచ్చి ఇంకో పక్క విడిపించాడు. "అన్నా, జర ఇను. తాళం నా దగ్గర లేదే. నా నౌకరి పోతది," అని బతిమాలుతున్నాడు. అతని కళ్లలోనూ నీళ్లున్నాయి.

మిగతా పీరీలు బ్రిడ్జి దిక్కు కదిలాయి. చెత్త తీశారు, సున్నం చల్లారు, మాట తప్పలేదు. అక్కడే వాటిని కడిగి తెల్లబట్టలో చుట్టారు. పెద్ద పీరీ తీగ దగ్గరే ఉండిపోయింది.

అమ్మాయి చెంబు తీసుకుని తీగ కిందినుంచి దూరి వాగులోకి దిగింది. ఆమెను ఎవరూ ఆపలేదు. నీళ్లు ముంచుకుని, సగం ఒలికిపోతుండగా, మోకాళ్ల మీద పాకుతూ ఇవతలికి వచ్చింది. పీరీ మీద పోయడానికి చేయి ఎత్తింది.

తండ్రి చేయి అడ్డం పెట్టాడు. "అద్దు బిడ్డా. రోడ్డు మీద పోస్తరా?"

"గవే నీళ్లు బాపూ. గాడివే."

"నీళ్లు గాడివే. మనం గాడ లేం."

ముజావర్ రొప్పుతూ వెనక్కి వచ్చాడు. "అల్లుడా, మాటిను. కడగకుండ ఊర్లకు తీస్కపోవద్దురా. మంచిది కాదు."

"మరి ఏడికి తీస్కపోవాలె మామా?" అని అడిగాడు ఆయన. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "నువ్వే చెప్పు. నీ వెంటనే అస్త."

ముసలాయన ఊదు గిన్నెను రోడ్డు మీద దించాడు. తండ్రి కొంతసేపు ఆగి పీరీని భుజానికెత్తుకుని ఊరి దిక్కు నడిచాడు. దారి పొడుగునా ఆడవాళ్లు తలుపులు వేసుకోవడం చూశాను. నీళ్లు చూడని పీరీ ఊరిలోకి తిరిగి రావడం ఇంతకు ముందు ఎవరూ ఎరగరు. ఆ సాయంత్రం గుండం పూడ్చడానికి ఎవరూ పార పట్టలేదు.

పంటలు చేతికొచ్చే కాలంలో అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ మాట చివర చెప్పింది. ముందు చెప్పింది తండ్రి గురించి. "బాపు ఇంక చెప్పులు తొడుగుతలేడు సార్. గడ్డం గీస్కుంటలేడు. తాటిచెట్లు వేరేటోళ్లు గీస్తున్నరు. పీరి కర్బలా పోనిది పండుగ అయిపోలేదంటాండు. మా ఇంట్ల ఇంకా పండుగనే."

తీగ లోపల పునాదులు తవ్వుతున్నారని చెప్పింది. ఇసుక వాలు మీద మట్టి పోశారట.

"నేను మొదలు రాసిందే ఉంచితే ఫెయిలయ్యేదాన్ని గదా సార్?"

"అయ్యేదానివే."

"అయితే ఏమైతుండె. మల్ల రాస్తుంటి."

అంతలో అవతల కొంచెం దూరం నుంచి మగగొంతు వినిపించింది. "ఎవలు బిడ్డా? పేపర్ సారా? మన పని ఏమన్న అయిందేమో అడుగు."

"అడుగుతున్న బాపూ," అంది అమ్మాయి.